మోకాలి నొప్పియు ఎక్స్‌రే చిత్రమును

మన దేశమున నడివయస్సు దాటిన స్త్రీ పురుషులను బాధించు సాధారణ వ్యాధులలో మోకాలి కీళ్ళవాతము ఒకటి. దీనిని వైద్యులు ఆస్టియో ఆర్థరైటిస్ అందురు. జనులు 'మోకాళ్ళ అరుగుదల' అందురు. దేశములోని వేర్వేరు ప్రాంతములలో జరిపి 2016లో ప్రచురించిన ఒక సర్వేలో, పరీక్షింపబడినవారిలో నూటికి 28.7 మందికి ఈ వ్యాధి ఉన్నట్లు తేలినది. పురుషులకంటె స్త్రీలలోను, పలుచని దేహము గలవారికంటె స్థూలకాయులలోను ఇది హెచ్చుగా కనబడును.

మోకాలు నొప్పి పుట్టగానే ఎక్స్‌రే తీయించుట నేడు వాడుకయైనది. ఫిల్మును వెలుతురుకు పట్టి చూచి, "గుజ్జు అరిగిపోయినది" అని ఎవరైన చెప్పినంతనే రోగి గుండె జారిపోవును. నడచిన కొలది మిగిలినది కూడ అరుగునేమో అని భయపడి కొందరు నడక మానుదురు; మెట్లెక్కుట మానుదురు; క్రమముగా మంచము పట్టుదురు. కొందరు తొందరపడి పొలము తాకట్టు పెట్టియైనను ఆపరేషను చేయించుకొనవలెనని తలంతురు. వేరొకవైపు, ఫిల్ములో ఏమియు కనబడలేదని చెప్పినచో ఇంటిలోనివారు ఆ రోగి మాట నమ్మరు. "పని తప్పించుకొనుటకు చెప్పుచున్నది" అని కోడలినో, "ముసలితనపు చాదస్తము" అని అత్తనో తేలికగా చూతురు. ఈ రెండును పొరపాటులే. ఎక్స్‌రే చిత్రమునకును నొప్పికిని గల సంబంధము ఎట్టిదో తెలిసికొన్నచో ఈ రెండు పొరపాటులనుండియు తప్పించుకొనవచ్చును.

మోకాలి నిర్మాణము

తొడ ఎముక యొక్క క్రింది కొనయు, మోకాలికి దిగువనున్న జంఘాస్థి యొక్క పై కొనయు కలియుచోట మోకాలి కీలు ఏర్పడుచున్నది. ముందువైపున మోకాలి చిప్ప కలదు. ఎముకల కొనలపై నున్నగా, తెల్లగా మెరయు మృదులాస్థి అను పొర కప్పబడియుండును. జనులు గుజ్జు అని చెప్పునది దీనినే. రెండెముకల నడుమ నెలవంక ఆకారమున రెండు మెత్తని దిండ్లవంటి భాగములు కలవు. కీలు లోపలి గోడలను ఒక పలుచని పొర కప్పియుండి, కీలునకు కందెనవలె పనిచేయు జిగురునీటిని పుట్టించును. వీటి చుట్టును గట్టి బంధనములును, తొడ కండరములును కీలును నిలబెట్టుచున్నవి.

ఆస్టియో ఆర్థరైటిస్ మృదులాస్థి ఒక్కదానికి పట్టిన వ్యాధి కాదు. మృదులాస్థి పలుచబడుటతోపాటు దాని క్రింది ఎముక గట్టిపడును. ఎముక అంచులలో ముళ్ళవంటి మొలకలు పుట్టును. లోపలి పొర వాచును. తొడ కండరములు బలహీనపడును. కావున దీనిని బండి ఇరుసు అరిగినట్లు కీలు అరుగుటయని మాత్రమే భావింపరాదు. కీలులోని కణములు సజీవములు. అవి దెబ్బతిన్న భాగమును బాగుచేయ యత్నించుచునే యుండును. మితమైన కదలిక వలన మృదులాస్థికి పోషణ అందును. కదలిక లేనిచో అది క్షీణించును.

ఎక్స్‌రే చూపునదియు, చూపనిదియు

1895లో జర్మనీ దేశమున రాంట్‌గెన్ పండితుడు ఎక్స్ కిరణములను కనుగొనెను. ఈ కిరణములు మెత్తని కండరములగుండా దాటిపోవును; సున్నము పట్టిన ఎముకలు వానిని అడ్డగించును. అందుచే ఫిల్ముపై ఎముకలు తెల్లగా కనబడును. మృదులాస్థి కనబడదు. చిత్రములో రెండెముకల నడుమ నల్లగా కనబడు సందు వట్టి ఖాళీ కాదు; మృదులాస్థియు, నెలవంక దిండ్లును ఉన్నచోటు అదియే. ఆ సందు ఇరుకైనచో మృదులాస్థి పలుచబడినదనియో, దిండు ప్రక్కకు జరిగినదనియో వైద్యులు ఊహింతురు. అనగా గుజ్జును ఎవరును ఎక్స్‌రేలో చూడలేదు. దాని స్థానమును కొలిచి చెప్పుచున్నారు.

కొలుచు పద్ధతినిబట్టియు చిత్రము మారును. పడుకొని తీయించిన చిత్రములో సందు వెడల్పుగా కనబడవచ్చును. నిలబడి కాలిపై బరువు మోపి తీయించినపుడు అదే సందు ఇరుకుగా కనబడవచ్చును. అందువలన ఈ వ్యాధికై తీయు ఎక్స్‌రేను నిలబడియే తీయించుకొనవలెను.

చిత్రములోని మార్పులకు అంతస్తులు ఏర్పరచినవారు ఇంగ్లండులోని మాంచెస్టరు నగరమున పనిచేసిన కెల్‌గ్రెన్, లారెన్స్ అను వైద్యులు. వారు 1957లో ప్రకటించిన పద్ధతిని నేటికిని ప్రపంచమంతటను వాడుచున్నారు. అందులో 0 అనగా మార్పు లేదు. 1 అనగా మార్పు ఉన్నదో లేదో అను సందేహము. 2 అనగా ఎముక మొలకలు నిశ్చయముగా కనబడుట. 3 అనగా మొలకలు పెక్కు ఉండి, సందు ఇరుకగుట. 4 అనగా సందు మిక్కిలి ఇరుకై, ఎముక గట్టిపడి, దాని ఆకారము మారుట. ఇవి ఎముకలోని మార్పులకు కొలతలు. రోగి ఎంత బాధ పడుచున్నాడో తెలుపు అంకె వీనిలో ఏదియు లేదు.

పరిశీలనలు తెలిపిన సంగతి

ఈ విషయమును శాస్త్రజ్ఞులు పెక్కుసారులు పరీక్షించిరి. అమెరికా దేశపు జాతీయ ఆరోగ్య సర్వే వివరములనుబట్టి 2000లో ప్రచురించిన పరిశీలన ప్రకారము, ఎక్స్‌రేలో 2 మొదలు 4 వరకు గల అంతస్తుల మార్పులు కనబడినవారిలో నూటికి 47 మందికే మోకాలి నొప్పి కలదు. మిగిలినవారు నొప్పి యెరుగక తిరుగుచుండిరి. మోకాలి నొప్పి కలదని చెప్పినవారిలో నూటికి 15 మందికి మాత్రమే ఎక్స్‌రేలో అట్టి మార్పులు కనబడినవి. 2008లో ఇట్టి పరిశీలనలు పెక్కింటిని కలిపి చూడగా, నొప్పి గలవారిలో ఎక్స్‌రే మార్పులు గలవారు ఒక చోట నూటికి 15, మరియొక చోట నూటికి 76 వరకును ఉండిరి. ఎక్స్‌రే మార్పులు గలవారిలో నొప్పి గలవారు 15 నుండి 81 వరకును ఉండిరి. ఎట్టివారిని ఎంచుకొనిరి, నొప్పిని గురించి ఎట్లు ప్రశ్నించిరి, మోకాలిని ఏ వైపునుండి చిత్రము తీసిరి అనుదానినిబట్టి ఈ లెక్కలు మారినవి.

ఇంతమాత్రమున ఎక్స్‌రేకును నొప్పికిని సంబంధమే లేదని తలపరాదు. 2009లో ప్రచురించిన ఒక పరిశీలన ఈ చిక్కును చక్కగా విప్పినది. అందు శాస్త్రజ్ఞులు ఒక మనిషిని వేరొక మనిషితో పోల్చలేదు. ఒక మోకాలు నొప్పిగా ఉండి, రెండవ మోకాలు నొప్పి లేకయున్న వారిని ఎంచుకొని, ఒకే మనిషి యొక్క రెండు మోకాళ్ళను పోల్చిరి. రెండు మోకాళ్ళకును వయస్సు ఒకటే, బరువు ఒకటే, మనస్సు ఒకటే, చేయు పని ఒకటే, నిద్ర ఒకటే. అట్లు పోల్చగా, మార్పులు హెచ్చుగానున్న మోకాలికే నొప్పి ఉండుట మిక్కిలి స్పష్టముగా తేలినది. ఎముక మొలకలకంటె సందు ఇరుకగుటకు నొప్పితో దగ్గర సంబంధము కనబడినది.

ఈ రెండు విధములైన ఫలితములను కలిపి చూచినచో అర్థమగునది ఇది: కీలు దెబ్బతినుట నొప్పికి నిజమైన కారణమే. కాని మనిషికిని మనిషికిని నడుమ నొప్పిని పెంచు, తగ్గించు కారణములు మరి పెక్కు కలవు. కనుకనే ఒకరి ఫిల్మును చూచి వారి నొప్పి ఇంత అని చెప్పుట సాధ్యము కాదు. గోడను వెలుపలినుండి చూచి ఆ ఇంటిలోని కాపురము చెప్పగలవారెవరు?

నొప్పి ఎచటినుండి పుట్టును?

మృదులాస్థిలో నాడులు లేవు. అది పలుచబడినను తానుగా నొప్పిని తెలుపజాలదు. 1998లో అమెరికాలోని స్కాట్ డై అను ఎముకల వైద్యుడు దీనిని తన దేహముపైననే పరీక్షింపజేసికొనెను. కీలు లోపల మత్తుమందు లేకుండ తన మోకాళ్ళలోనికి పరికరమును పంపించి, ఒక్కొక్క భాగమును తాకించుకొని, కలిగిన బాధను చెప్పెను. చిప్ప వెనుకనున్న మృదులాస్థిని తాకినపుడు ఆయనకు ఏమియు తెలియలేదు. లోపలి పొరను, చిప్ప క్రిందనున్న కొవ్వు భాగమును తాకినపుడు మాత్రము తీవ్రమైన నొప్పి కలిగెను.

నొప్పికి మూలములైన భాగములు ముఖ్యముగా మూడు. మొదటిది లోపలి పొర. ఇది వాచి, నీరు చేరినపుడు మోకాలు బిగిసి నొప్పి కలుగును. రెండవది మృదులాస్థి క్రిందనున్న ఎముక. 2001లో ప్రచురించిన ఒక పరిశీలనలో ఎక్స్‌రే మార్పులు గలవారికి ఎం.ఆర్.ఐ. పరీక్ష చేయగా, నొప్పి గలవారిలో నూటికి 77.5 మందికి ఎముక మజ్జలో దెబ్బ కనబడెను. నొప్పి లేనివారిలో 30 మందికే కనబడెను. ఈ మజ్జలోని దెబ్బయు, పొర వాపును మామూలు ఎక్స్‌రేలో కనబడవు. మూడవది కీలు చుట్టునున్న కండరములు, బంధనములు. ఇవి బలహీనమైనపుడు బరువంతయు కీలుపై పడును.

వీనితోపాటు నాడీమండలమును గూడ లెక్కింపవలెను. మోకాలినుండి పుట్టిన సంకేతము వెన్నుపామును దాటి మెదడును చేరిన పిమ్మటనే నొప్పిగా తెలియుచున్నది. నొప్పి నెలల తరబడి నిలిచినపుడు ఆ మార్గము పదునెక్కి, స్వల్పమైన తాకిడి కూడ పెద్ద నొప్పిగా తోచును. నిద్రలేమి, దుఃఖము, దిగులు దీనిని పెంచును. ఇట్టి నొప్పి కల్పితమని అర్థము కాదు. అది దేహములో జరుగు నిజమైన మార్పే. ఫిల్ముపై పడని మార్పు మాత్రమే. మరియు తుంటి కీలులో వ్యాధి ఉన్నపుడు నొప్పి మోకాలిలో తెలియుట కలదు. అట్టివారికి మోకాలిని ఎన్నిమారులు ఫొటో తీసినను ప్రయోజనము ఉండదు.

ఎం.ఆర్.ఐ. తీయించిన తేలునా?

ఎక్స్‌రే చాలనిచో ఇంకను ఖరీదైన పరీక్ష చేయించుకొందుమని కొందరు భావింతురు. 2012లో ప్రచురించిన ఒక పరిశీలనలో, 50 ఏండ్లు దాటి, ఎక్స్‌రేలో ఎట్టి మార్పును లేని 710 మందికి అమెరికాలో ఎం.ఆర్.ఐ. తీసిరి. వారిలో నూటికి 89 మందికి ఏదో యొక లోపము కనబడెను. నొప్పి గలవారిలోను, నొప్పి లేనివారిలోను ఈ లోపములు దాదాపు సమానముగానే ఉండెను. 2008లో వెలువడిన వేరొక పరిశీలనలో, నెలవంక దిండు చినిగినట్లు కనబడినవారిలో నూటికి 61 మందికి గడచిన నెలలో మోకాలి నొప్పియే లేదు. జుట్టు నెరయుట, చర్మము ముడుతలు పడుట ఎట్టివో ఈ మార్పులలో పెక్కు అట్టివి. అన్నియు వ్యాధి కావు; అన్నిటికిని కత్తి అక్కరలేదు.

ఎక్స్‌రే ఎప్పుడు అవసరము?

45 ఏండ్లు దాటినవారికి, పని చేసినపుడు మోకాలు నొప్పి కలిగి, ఉదయమున లేచినపుడు బిగువు అరగంటకు మించక యున్నచో, ఎక్స్‌రే లేకుండగనే వైద్యుడు ఈ వ్యాధిని గుర్తింపగలడు. ఎక్స్‌రే అవసరమగు సందర్భములు వేరు. క్రింది గుర్తులు ఉన్నచో ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను:

1. పడుట వలన గాని, దెబ్బ తగులుట వలన గాని నొప్పి మొదలై, కాలు మోపలేకపోవుట.
2. మోకాలు ఎర్రబడి, వేడిగా వాచి, జ్వరము వచ్చుట. ఇది కీలులో చీము పట్టుట కావచ్చును. అదే దినమున ఆస్పత్రికి పోవలెను.
3. విశ్రాంతిలోను, రాత్రివేళను నొప్పి తగ్గకుండుట. కారణము లేక దేహము చిక్కిపోవుట.
4. ఉదయపు బిగువు అరగంటకు మించి ఉండుట. చేతివ్రేళ్ళ కీళ్ళు గూడ వాచుట.
5. మోకాలు ఒక్కసారిగా బిగిసిపోయి చాపరాకుండుట.

ఫ్లోరైడు హెచ్చుగా గల నీరు త్రాగిన ప్రాంతములవారి సంగతి వేరు. అప్పటి మదరాసు రాజధానిలోని తెలుగు ప్రాంతములలో ఈ వ్యాధిని 1937లోనే వైద్యులు వర్ణించిరి. నల్లగొండ జిల్లాలోను ఇది ప్రసిద్ధము. అచట మెడ, వెన్ను బిగిసి, కీళ్ళు నొప్పిగా నున్నపుడు ఎక్స్‌రే చిత్రము ముఖ్యమైన సాక్ష్యమగును. ఎముకలు మిక్కిలి దట్టముగా కనబడుట ఆ వ్యాధి లక్షణము.

చేయవలసిన పనులు

ఎక్స్‌రేలోని మార్పును వెనుకకు త్రిప్పు మందు నేటివరకు లేదు. కాని నొప్పి తగ్గుటకు చిత్రము మారనక్కరలేదు. క్రమమైన వ్యాయామము వలన నొప్పి తగ్గుననియు, నడక మెరుగగుననియు పెక్కు పరీక్షలలో రుజువైనది. ఆ రోగుల ఫిల్ములు మాత్రము మునుపటివలెనే ఉండును. ఈ ఒక్క సంగతి రోగికి గొప్ప ధైర్యము నీయవలెను.

వ్యాయామము: కాలు చాపి కూర్చుండి, మోకాలి క్రింద చుట్టిన తువ్వాలు నుంచి, దానిని క్రిందికి అదిమి, ఐదు సెకండ్లు నిలిపి వదలవలెను. ఇట్లు పదిమారులు చేయవలెను. పిమ్మట కుర్చీలో కూర్చుండి ఒక్కొక్క కాలిని నేరుగా చాపి, కొంతసేపు నిలిపి దింపవలెను. చేతుల సాయము లేక కుర్చీనుండి లేచుట గూడ మంచి వ్యాయామము. నడకను పది నిమిషములతో మొదలుపెట్టి క్రమముగా పెంచవలెను. మొదట కొంచెము నొప్పి హెచ్చినను భయపడనక్కరలేదు. మరునాటికి తగ్గినచో అది హాని కాదు. తగ్గనిచో వ్యాయామమును కొంత తగ్గింపవలెను గాని మానరాదు.

బరువు: దేహపు బరువు ఒక కిలోగ్రాము తగ్గినచో, ప్రతి అడుగునను మోకాలిపై పడు భారము నాలుగు కిలోగ్రాములు తగ్గునని 2005లో ప్రచురించిన పరిశీలన తెలుపుచున్నది. అమెరికాలోని ఫ్రామింగ్‌హాము పట్టణమున జరిపి 1992లో ప్రకటించిన పరిశీలనలో, పదేండ్లలో సుమారు ఐదు కిలోగ్రాములు తగ్గిన స్త్రీలకు నొప్పితో కూడిన మోకాలి వ్యాధి వచ్చు అవకాశము సగమునకు పైగా తగ్గెను.

కూర్చుండు తీరు: బీజింగు నగరములోని వృద్ధులనుగూర్చి 2004లో ప్రచురించిన పరిశీలనలో, యౌవనమున దినమునకు చాలసేపు గొంతుకూర్చుండినవారికి మోకాలి వ్యాధి హెచ్చుగా కనబడెను. నొప్పి గలవారు కత్తిపీట ముందు గంటలకొలది కూర్చుండుటకు మారుగా బల్లపై కూరలు తరుగుకొనవలెను. మరుగుదొడ్డిలో ఎత్తు పీట నుంచుకొనవలెను. పొలములో కలుపు తీయువారు నడుమ నడుమ లేచి కాళ్ళు చాపవలెను. చేతికర్రను నొప్పి ఉన్న కాలివైపున గాక, రెండవ చేతిలో పట్టుకొనవలెను. అప్పుడే ఆ మోకాలిపై భారము తగ్గును.

మందులు: నొప్పిని తగ్గించు పూతమందులు మొదట వాడదగినవి. నొప్పి మాత్రలను వైద్యుని సలహా లేక నెలల తరబడి మ్రింగుట వలన కడుపులో పుండ్లు, మూత్రపిండములకు చేటు, గుండెజబ్బు కలుగవచ్చును. పేరు చెప్పక పొట్లము కట్టి ఇచ్చు పొడులలో స్టెరాయిడు కలిసియుండుట కలదు, అట్టివానిని తీసికొనరాదు.

ఆపరేషను: కీలు లోపల గొట్టము చొప్పించి కడిగి శుభ్రపరచు ఆపరేషను వలన ఈ వ్యాధిలో ప్రత్యేకమైన మేలు లేదని, అమెరికాలో 180 మందిపై జరిపి 2002లో ప్రకటించిన పరీక్ష రుజువు చేసినది. చర్మముపై గాట్లు మాత్రమే పెట్టి కుట్టినవారికి కలిగిన ఉపశమనమే నిజముగా శుభ్రపరచినవారికిని కలిగెను. కీలు మార్పిడి ఆపరేషను సంగతి వేరు. వ్యాధి ముదిరినవారిలో ఇది పెక్కుమందికి నొప్పిని పోగొట్టి నడక నిచ్చినది. కాని చేయించుకొన్నవారిలో సుమారు ఐదుగురిలో ఒకరు సంతృప్తి చెందుట లేదు. ఎక్స్‌రే మార్పులు స్వల్పముగా నుండగనే చేయించుకొన్నవారిలో అసంతృప్తి హెచ్చు. కనుక రెండు విషయములును కలియవలెను: నొప్పి వలన నిద్రయు నడకయు చెడి, నెలల తరబడి వ్యాయామము, మందులు వాడినను గుణము కనబడకుండుట ఒకటి; చిత్రములో వ్యాధి ముదిరినట్లు తెలియుట రెండవది. ఫిల్ము ఒక్కటే చూచి ఆపరేషను నిశ్చయింపరాదు.

వైద్యుని అడుగవలసిన ప్రశ్నలు

ఫిల్ముతో వైద్యునివద్దకు పోయినపుడు ఈ ప్రశ్నలను సంకోచింపక అడుగవచ్చును: ఈ చిత్రమును నిలబడి తీసిరా? ఈ మార్పు నా వయస్సువారిలో సాధారణమా? నా నొప్పి ఈ మార్పు వలననేనా, మరి కండరముల వలననా, తుంటి వలననా? ఆపరేషనునకు ముందు నేను ఎన్ని నెలలు వ్యాయామము చేసి చూడవచ్చును? మంచి వైద్యుడు వీనికి ఓపికతో జవాబు చెప్పును.

ముఖ్య విషయములు

ఎక్స్‌రే ఎముకలను చూపును, నొప్పిని చూపదు. చిత్రములో మార్పు ఎక్కువగా ఉన్నను సుఖముగా నడచువారు కలరు. చిత్రము శుభ్రముగా ఉన్నను నిజముగా బాధపడువారు కలరు. ఫిల్ము బాగుగా లేదని నడక మానరాదు. ఫిల్ము బాగుగా ఉన్నదని రోగి మాటను త్రోసిపుచ్చరాదు. ఇంటిలో పెద్దవారు మోకాలు నొప్పియని చెప్పినపుడు, మొదట వారి మాట వినుడు, వారిని నడిపింపుడు, తొడ కండరములకు బలము కలుగునట్లు ప్రతిదినము వ్యాయామము చేయింపుడు. చిత్రము అవసరమైనచో దానిని పిమ్మట తీయించవచ్చును.